నేరం బోరు నీళ్లది

చంద్రబండ
24 నవంబరు 2024

రత్నానికి,

ఉత్తరం దీవెనలతో మొదలుపెట్టడం మర్యాద. మీ అక్క పోయిన ఈ ఇరవై నెలల్లో నేను ఎవరినీ దీవించలేదు. అలవాటు తప్పింది కనుక నేరుగా విషయంలోకి వస్తున్నాను.

నువ్వు పంపిన కొబ్బరినూనె సీసా, పాత నేతచీర చింపి అంచులు కుట్టిన రెండు తువ్వాళ్లు అందాయి. వాటి మడతలో పెట్టిన చీటీ కూడా అందింది. "బావగారూ, చలికాలం వచ్చింది. సబ్బు తగ్గించి నూనె రాసుకోండి" అని. ఇరవై నెలల తర్వాత రెండు వాక్యాలు. పొదుపైనదానివి.

మాణిక్యం పదకొండో రోజు భోజనాల దగ్గర మీ ఇంటిల్లిపాదీ వింటుండగా నేనన్న మాట నువ్వు మరిచిపోయి ఉండవు. "మీ నలుగుపిండి నా భార్యను చంపింది" అన్నాను. ఆ మాట నేను వెనక్కి తీసుకోలేదు. తీసుకోనివాడికి నూనె సీసా పంపడం ఏ రకం మనుషుల పద్ధతో నాకు అర్థం కాలేదు.

నా ఒంటి సంగతి నీకు ఎవరు మోశారో తెలుసు. మొన్న రాయచూరు బ్యాంకులో నీ కొడుకు వీరబాబు స్తంభం చాటున నిలబడి నన్ను చూశాడు. పెదనాన్నను పలకరించే ధైర్యం లేక దాక్కున్నాడు. వాడి పొట్ట మాత్రం స్తంభానికి రెండు పక్కలా కనిపిస్తూనే ఉంది. నా చొక్కా వీపు మీద నెత్తుటి చుక్కలు చూశానని ఇంటికొచ్చి చెప్పి ఉంటాడు. అవి దోమకాట్లు.

చర్మం పొడిబారడం గురించి నాకు నువ్వు చెప్పనక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్లు థర్మల్ స్టేషన్ ప్రయోగశాలలో బాయిలరు నీళ్లు పరీక్షించినవాణ్ణి. నీళ్లలో ఏ ఉప్పు ఎంత ఉంటే ఏ గొట్టానికి ఎంత గార కడుతుందో నేను చెబితే ఇంజినీర్లు రాసుకునేవారు. రాసుకుని తమ పేర్లతో పైకి పంపేవారు, అది వేరే సంగతి. ఆ పుణ్యాత్ములందరికీ పదవీ విరమణ సభల్లో శాలువాలు కప్పారు. నాకు కప్పినది పక్కవాడి శాలువా, పేరు కూడా వాడిదే చదివారు.

ఫోను చేయకు. కుడి చెవి టర్బైన్ల దగ్గరే పోయింది, ఎడమది దాన్ని చూసి పోతోంది. ఏదైనా చెప్పాలనుకుంటే రాయి. చెప్పాల్సింది ఏమీ లేకపోతే సీసాలు పంపకు.

కోటయ్య

*

గోరేబాళ
3 డిసెంబరు 2024

బావగారికి రత్నం నమస్కారాలు.

పోస్టతను లింగప్ప మీ ఉత్తరం నా చేతికిచ్చి, "నిజమైన ఉత్తరం వచ్చిందమ్మా, చానా దినాలయ్యింది ఇట్లాంటిది చూసి" అన్నాడు. తిట్లు ఉన్నాయని అతనికి తెలియదు కదా. విప్పి చదువుకున్నాను. తిట్టినా మీ చేతిరాత బాగుంటుంది.

ఇక్కడ వరికోత మిషన్లు వారం నుంచి తిరుగుతున్నాయి. ఊరంతా నూగు. అందరం గోక్కుంటూనే ఉన్నాం కనుక మీరు గోక్కుంటే వింత లేదు. కానీ వీరబాబు చూసింది దోమకాట్లు కావని వాడూ అన్నాడు, నేనూ అనుకుంటున్నాను. వాడు దాక్కున్నది ధైర్యం లేక కాదు. మీరు నలుగురిలో మళ్లీ ఆ మాట అంటే తట్టుకోలేక.

మీకు తెలిసినవే అయినా రాస్తాను. నీళ్లు మోచెయ్యి ముంచి చూస్తే వెచ్చగా ఉండాలి, అంతే. పసిబిడ్డకు పోసేలాంటివి. మీ ఇంట్లో పొగలు కక్కే నీళ్లు పోసుకునే అలవాటు నాకు తెలుసు. అయిదు నిమిషాలకు మించి స్నానం వద్దు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు, ఒళ్లంతా రుద్దకండి. ఆ తువ్వాళ్లు పాత చీరవి ఎందుకంటే కొత్తవి ఒంటిని గీరుతాయి. రుద్ది తుడవకండి, అద్దండి. ఒళ్లు పూర్తిగా ఆరకముందే, ఆ చెమ్మ మీదే నూనె రాయాలి. ఆరాక రాస్తే నూనె పైనే ఉంటుంది, చర్మం లోపల ఎండుతుంది. మడమలకు దట్టంగా పట్టించి నూలు మేజోళ్లు తొడుక్కోండి. స్వెట్టరు నేరుగా ఒంటికి తగలనివ్వకండి. నూనె కాళ్లతో బండల మీద నడవకండి, ఆ ఇంట్లో పడితే లేపేవాళ్లు లేరు.

సీసాలో నూనె గడ్డ కట్టి ఉంటుంది. ఎండలో పెట్టండి, పొయ్యి మీద కాదు.

ఒక్క సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకుండా జవాబు రాయండి. మీ దురద చర్మం పొలుసులు లేచిన చోటేనా? లేక పైకి ఏమీ లేకుండా లోపలి నుంచి వస్తోందా? నూనె రాశాక తగ్గుతోందా?

రత్నం

*

చంద్రబండ
12 డిసెంబరు 2024

రత్నానికి,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. నువ్వు రాసిన నియమాలన్నీ నావే. మీ అక్కకు దురద మొదలైన ఆ కార్తీకంలో నేనే రాసి బాత్రూం తలుపు లోపల అంటించాను. పెద్ద అక్షరాలతో, నీలిసిరాతో. మీ ఇంటికి వచ్చినప్పుడు ఆమె నీకు అప్పజెప్పి ఉంటుంది. నా సరుకు నాకే పంపుతున్నావు.

నేను వాటిని పాటించడం లేదు. పొగలు కక్కే నీళ్లే పోసుకుంటున్నాను, రెండు బకెట్లు. ఆ నియమాలు ఆమె కోసం రాసినవి.

అప్పుడు ఏం జరిగిందో వరసగా రాస్తాను, ఎక్కడ తప్పు జరిగిందో నీకే తెలుస్తుంది. దురద అని ఆమె అన్న రెండో రోజే నేను మా బోరు నీళ్లు సీసాలో పట్టి, పాత శిష్యుడి చేత ప్రయోగశాలలో పరీక్ష చేయించాను. కాఠిన్యం ఉండాల్సిన దానికి మూడింతలు. సబ్బు వేస్తే నురగ రాదు, ఆ సబ్బే తెల్లగా ఒంటికి అంటుకుని చర్మాన్ని ఎండగొడుతుంది. బాయిలరుకు పట్టే గారే మనిషికీ పడుతోంది. దొంగ దొరికాడు. రోజూ సాయంత్రం పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి, తెల్లవారేదాకా తేరనిచ్చి, అడుగున సున్నం కదలకుండా పైనీళ్లు వంచి, గోరువెచ్చన చేసి ఇచ్చాను. ఇల్లు కట్టిన మేస్త్రీ నుంచి పంచాయతీ దాకా ఆ బోరు వేయించిన వాళ్లందరినీ తిట్టాను. నేను చెప్పింది తప్పని ఒక్కడూ అనలేకపోయాడు.

ఆమెకు కొంచెం తగ్గింది. తగ్గిందని ఆమే చెప్పింది. అప్పుడు నెల రోజులుంటానని మీ ఇంటికి వచ్చింది. అక్కడ నువ్వు ఏం చేశావు? సున్నిపిండితో నలుగు పెట్టావు. ఎండిన చర్మాన్ని పిండితో రుద్దావు. నెల రోజులకని వచ్చిన మనిషి పన్నెండో రోజునే తిరిగి వచ్చేసింది. ఎందుకొచ్చావంటే చెప్పలేదు. బస్సు దిగి నడవలేక యంకప్ప ఆటో ఎక్కి వచ్చింది. ముఖం ఉబ్బి ఉంది. ఏడ్చిందనుకున్నాను. మీరెవరో ఏదో అన్నారనుకున్నాను.

రెండు నెలలకు ఆసుపత్రి. ఆ తర్వాత నీకు తెలుసు.

ఇప్పుడు నేను అడుగుతాను, నువ్వు జవాబు రాయి. ఆ పన్నెండు రోజుల్లో మీ ఇంట్లో ఏం జరిగింది? ఆమె ఎందుకు వచ్చేసింది? నీతో ఏం చెప్పింది? పదకొండో రోజున నేను అంత మాట అంటే నువ్వు ఎందుకు నోరు తెరవలేదు? తప్పు లేనివాళ్లు అలా తలవంచుకుని విస్తళ్లు తీయరు.

నీ ప్రశ్నకు జవాబు: నూనె నేను రాసుకోవడమే లేదు కనుక తగ్గుతోందో లేదో తెలియదు.

కోటయ్య

*

గోరేబాళ
22 డిసెంబరు 2024

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. జవాబు రెండుసార్లు రాసి చింపేశాను.

మీరు అడిగిన వాటన్నిటికీ జవాబు నా దగ్గర ఉంది. చెప్పనని అక్కకు మాట ఇచ్చాను. అయినా చెబుతాను. కానీ ముందు మీరు ఒక పని చేయాలి. రాయచూరు వెళ్లి రక్తం పరీక్ష చేయించుకోండి. షుగరు ఒక్కటే కాదు, క్రియాటినిన్ కూడా చూడమనండి. ఆ కాగితం నాకు పంపిన రోజున, పన్నెండు రోజుల్లో ఏం జరిగిందో ఒక్క అక్షరం మిగల్చకుండా రాస్తాను.

ఇది బేరమే. మీతో బేరం ఆడే చనువు మరదలికి ఉంటుందనుకుంటున్నాను. పెళ్లిలో మీ చెప్పులు దాచి, అవి తిరిగి ఇవ్వడానికి మీ చేత మూడు పద్యాలు ఒప్పజెప్పించుకున్నదాన్ని. అప్పుడు మీరు నవ్వారు. మిమ్మల్ని అలా నవ్వించడం మళ్లీ ఎవరివల్లా కాలేదని అక్క అనేది.

చలి పెరిగింది. కోడలు సాహితి చేత ఉన్ని టోపీ కొనిపించాను, ఈ వారం పంపుతాను. నూలు గుడ్డ లోపల కుట్టించాను, గుచ్చుకోదు.

రత్నం

*

చంద్రబండ
2 జనవరి 2025

రత్నానికి,

బేరం నాకు సమ్మతం కాదు.

నువ్వు ఏడో తరగతి దాకా చదువుకున్నావు. గోరేబాళలో వరి పండిస్తారు. క్రియాటినిన్ అన్న మాట నీకు ఎలా తెలుసు? మీ అక్కను ఆసుపత్రిలో చేర్చినప్పుడు విన్నావేమో అనుకుందామంటే, ఆ వారమంతా నువ్వు వరండాలోనే ఉన్నావు, డాక్టర్లతో మాట్లాడింది నేను. ఏదో దాస్తున్నావు. దాచుకో. నేను ఎక్కువ కాలం అడగను.

మొన్న ఇల్లు ఊడుస్తూ హుచ్చమ్మ ఆగిపోయి నన్నే చూస్తూ నిలబడింది. చెవి దగ్గరకొచ్చి, "ఏంది సారూ, గట్ల గోక్కుంటరు? అమ్మకు గూడ గిట్లనే షురూ అయ్యె గదా" అంది. చీపురు అక్కడే పడేసి వెళ్లి నూనె సీసా ఎండలో పెట్టింది. సాయంత్రానికి మళ్లీ గడ్డ కట్టింది. నేను ముట్టుకోలేదు.

ఆమె చెప్పింది నాకు తెలియనిది కాదు. పిక్కలు, నడుము పైన, మోచేతుల వెనక. మాణిక్యానికి మొదలైన చోట్లే, మొదలైన నెలలోనే. పిల్లలు లేని ఇల్లు, ఒకే కంచం కూర, ఒకే నీళ్లు. ఆమెకు వచ్చింది నాకు రాకుండా ఎలా ఉంటుంది?

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి రాస్తాను. ఆసుపత్రిలో చేర్చిన రోజు ఆ కుర్రడాక్టరు నన్ను పక్కకు పిలిచి, దురద ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. నాలుగు నెలలు అన్నాను. "నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా రక్తం చూపించలేదా?" అన్నాడు. నేను బోరు నీళ్ల కాఠిన్యం అంకెలు చెప్పడం మొదలుపెట్టాను. అతను వింటూ నిలబడ్డాడు, పాపం, పెద్దవాణ్ణని. మధ్యలో నాకే వినపడింది నేనేం మాట్లాడుతున్నానో. షిఫ్టుకు మూడుసార్లు, ముప్పై ఒక్క ఏళ్లు, ఒక ఇనుప బాయిలరు లోపల ఏముందో పరీక్షించినవాణ్ణి. ఇంట్లో మనిషి దురద అంటే నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయించాను.

పదకొండో రోజున నేను అరిచింది నీ మీదే. కానీ ఆ అరుపు ఎవరి కోసం తయారైందో నీకు ఇప్పుడు తెలిసింది. దీన్ని క్షమాపణ అనుకోకు. నలుగు నువ్వు పెట్టావు, అది నిజం.

పరీక్ష చేయించుకోను. తెలిసినదానికి పరీక్ష దేనికి? ఆమె నాలుగు నెలలు భరించింది, నేనూ భరిస్తాను. నాకిప్పుడు నూనె పనికిరాదు, టోపీ పనికిరాదు. చదవాల్సిన పుస్తకాలు అలమరలో అలాగే ఉన్నాయి, తెరవబుద్ధి కావడం లేదు. ఏ పుస్తకంలోనూ నాకు కావలసింది లేదు. నీ టోపీ హుచ్చమ్మకు ఇచ్చేశాను. ఆమెకు బాగుంది.

కోటయ్య

*

గోరేబాళ
10 జనవరి 2025

బావగారికి,

బేరం మానేశాను. అక్కకు ఇచ్చిన మాట కూడా మానేస్తున్నాను.

అక్క వచ్చిన నాలుగో రోజు నలుగు పెట్టడానికి కూర్చోబెట్టాను. చేతిలో పిండి చేతిలోనే ఉండిపోయింది. అక్క ఒళ్లు పొడిగా లేదు. మీ నూనెతో నున్నగా, పట్టులా ఉంది. పొలుసన్నది ఎక్కడా లేదు. అయినా నెత్తురు వచ్చేలా గోకుతోంది. పిక్క మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి అలాగే నిలిచిపోయింది. నేను నలుగు పెట్టనే లేదు బావగారూ. ఆ రోజూ పెట్టలేదు, తర్వాతా పెట్టలేదు.

మర్నాడు ఇద్దరం బస్సెక్కి సింధనూరు వెళ్లాం. వీరబాబుకు గుడికని చెప్పాం. రక్తం తీసుకుని సాయంత్రానికి కాగితం ఇచ్చారు. డాక్టరు ఒక అంకె కింద గీత గీసి, ఇది ఒకటి దగ్గర ఉండాలమ్మా, ఏడు దాటింది, మూత్రపిండాలు దాదాపు పోయాయి, రేపే రాయచూరు వెళ్లి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి అన్నాడు. ఆ అంకె పక్కన ఉన్న పేరే మీరు అడిగిన మాట. అక్కడ నేర్చుకున్నాను.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. అక్క ఏడవలేదు. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, ఇలా అంది. మాటలు మార్చకుండా రాస్తున్నాను.

"ఒసేయ్ రత్నం, మీ బావకు చెప్పకే. నలభై నాలుగేళ్లలో ఆయన నా పక్కన ఇంతసేపు కూర్చున్నది లేదు. ఈ కార్తీకం నుంచి రోజూ పొద్దున్నే నా వీపుకు నూనె రాస్తున్నారు. నీళ్లు కాచి, తేర్చి, చెయ్యి పెట్టి చూసి ఇస్తున్నారు. దొంగ దొరికాడని ఎంత సంబరపడుతున్నారనుకున్నావు. నీళ్లు కాదని తెలిస్తే ఆసుపత్రికి అప్పజెప్పేసి మళ్లీ పుస్తకం పట్టుకుంటారు. ఇంకో రెండు నెలలు రాయనీ. తర్వాత నేనే చెబుతాలే."

నేను గట్టిగా కాదన్నాను. ఒట్టు వేయించుకుంది. పన్నెండో రోజున ఎందుకు వచ్చేసిందని అడిగారు కదా. నెల రోజులు ఇక్కడుంటే ఆ నూనె రాసే రోజులు తరిగిపోతాయని లెక్క వేసుకుంది. మేము ఎవరం ఏమీ అనలేదు. ముఖం ఉబ్బింది ఏడ్చి కాదు.

ఆ కాగితం నా పెట్టెలో ఉంది. రెండు నెలలు ముందు తీసుకెళ్లి ఉంటే ఎన్నాళ్లు ఉండేదని ఏ డాక్టరునూ అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు. పదకొండో రోజున మీరు మా ఇంటిని తిట్టినప్పుడు నేను తల ఎందుకు వంచుకున్నానో ఇప్పుడు తెలిసింది కదా. మీరు కోపగించుకున్నది న్యాయమే. వస్తువు పేరే తప్పు. నలుగుపిండి కాదు, నా ఒట్టు.

ఒక మనిషి దురదను దాచిపెట్టి అక్కను పోగొట్టుకున్నాను. మీది కూడా చూస్తూ కూర్చోమంటే నావల్ల కాదు. చెవి వినపడకపోతే హుచ్చమ్మను తీసుకుని వెళ్లండి. వెళ్లకపోతే నేనే వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను. మీరు ఏమన్నా పడతాను.

రత్నం

*

చంద్రబండ
4 ఫిబ్రవరి 2025

రత్నానికి,

నీ ఉత్తరం వచ్చాక అయిదు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే ఈ ఇంట్లో తేడా తెలిసేది హుచ్చమ్మకే. ఆమె నాలుగో రోజున "సారూ, పాణం మంచిగున్నదా?" అని అరిచింది.

నిన్ను క్షమించలేదు. మాణిక్యాన్నీ క్షమించలేదు. చెప్పి ఉంటే పుస్తకం పట్టుకునేవాణ్ణి అందా? ఆ మాట మీద రెండు రోజులు ఆమెతో పోట్లాడాను. మూడో రోజు ఒప్పుకున్నాను. పట్టుకునేవాణ్ణే. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని చదువుకునేవాణ్ణి, మంచి భర్తననుకుంటూ.

రాయచూరు వెళ్లాను. నువ్వు గుమ్మంలో వచ్చి కూర్చుంటావని భయపడి. డాక్టరు కిరణ్మయి అని ఒకావిడ, ముప్పై ఏళ్లుంటాయి. రక్తం, మూత్రం తీసుకుని రెండు రోజుల తర్వాత రమ్మంది. ఆ రెండు రోజులూ నేను ఏమీ గోక్కోలేదు. ఎదురుచూశాను. ఇల్లు సర్దాను. అలమరలో పుస్తకాలు ఎవరికి ఏవి ఇవ్వాలో చీటీలు పెట్టాను. నీకు రాయాల్సిన చివరి ఉత్తరం కూడా మనసులో కట్టుకున్నాను, బాగా వచ్చింది.

మూడో రోజు వెళితే ఆ డాక్టరు కాగితాలు తిరగేసి నవ్వింది. నాకు వినపడదని కాగితం మీద వేలు పెట్టి చూపిస్తూ గట్టిగా చెప్పింది. "పెద్దాయనా, కిడ్నీలు మంచిగున్నయి. షుగర్ లేదు, లివర్ మంచిగున్నది. గిది ఒట్టి చలికాలపు పొడి. వయసుకు చర్మంల నూనె తగ్గుతది. మీరు మసిలే నీళ్లు పోసుకుని ఉన్నది గూడ కడిగేస్తున్నరు. నీళ్లు గోరువెచ్చగ, సబ్బు తక్కువ, తడి మీదనే నూనె. గింతే."

అప్పుడు నేరం నీళ్ల మీదకు నెట్టి తప్పించుకున్నానా, చివరికి నా విషయంలో నేరం నీళ్లదే అయింది. ఉప్పుది కాదు, వేడిది.

నా వెంట వచ్చిన హుచ్చమ్మ దేవుడికి దండం పెట్టింది. ఆ గదిలో సంతోషించాల్సినవాణ్ణి నేనే, సంతోషించనివాణ్ణీ నేనొక్కణ్ణే. రత్నం, నాకు ఎంత కోపం వచ్చిందో నీకు రాయలేను. మాణిక్యం వెనకే వెళుతున్నాననుకున్నాను. నాలుగు నెలల దారి అనుకున్నాను. నాకు ఉన్నది అందరికీ ఉండే పొడి. ఇంటికొచ్చి పుస్తకాల్లోంచి ఆ చీటీలన్నీ తీసేశాను. ఇంకా ఎన్నేళ్లు ఇలా ఉండాలో ఆ కాగితంలో రాయలేదు.

పది రోజులుగా గోరువెచ్చని నీళ్లే పోసుకుంటున్నాను. నీ తువ్వాలుతో అద్దుకుని, తడి ఉండగానే నూనె రాసుకుంటున్నాను. పిక్కల మీద పొలుసు పోయింది, దురద సగానికి పైగా తగ్గింది. వీపు మధ్యలో మాత్రం చెయ్యి అందదు. అక్కడ అలాగే ఉంది.

నువ్వు ఏమీ దాచకుండా రాశానన్నావు. ఒక్కటి అడుగుతాను. నా చేతులు నువ్వు చూశావు. ఆమ్లాలు, క్షారాలు ముట్టుకుని ముట్టుకుని రంపపు పొట్టు అంటించినట్టు ఉంటాయి. మీ అక్క వీపు మీద గోకిన పుళ్లుండేవి. నూనె రాస్తుంటే ఆమె అప్పుడప్పుడు భుజం ముడుచుకునేది. నొప్పిగా ఉందా అని నేను అడగలేదు. అలాంటివి అడగడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. చలికి అనుకున్నాను. రెండు వందలు లెక్కపెట్టి ఆపేవాణ్ణి.

నా చేతుల గురించి ఆమె నీతో ఏమైనా అందా? నన్ను ఊరడించడానికి రాయకు. అలా రాస్తే నాకు తెలిసిపోతుంది.

కోటయ్య

*

గోరేబాళ
11 ఫిబ్రవరి 2025

బావగారికి,

అంది. బెంచీ మీదే, బస్సు వచ్చే ముందు. రాయమన్నారు కనుక రాస్తున్నాను.

"ఆయన చేతులు గరుకే. పుండు మీద పడితే ప్రాణం జివ్వుమంటుంది. నొప్పి అంటే ఆపేస్తారని నోరెత్తను. రెండు వందలు లెక్కపెడతారు, నాకు వినపడుతూనే ఉంటుంది. నూట తొంభై దాకా వచ్చారంటే బెంగగా ఉంటుందే."

ఇంతే అంది. నేను ఒక్క మాట కలపలేదు, తీయలేదు.

రత్నం